విదేశం నుంచి బిడ్డను తెచ్చుకునే ముందు

నిరుడు దసరా సెలవుల్లో అమలాపురం దగ్గర ఒక ఊరి నుంచి ఒక పెద్దావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చారు. కూతురు అమెరికాలో ఉంది. మొగుడితో పడటం లేదు, నాలుగేళ్ల పిల్లాడిని తీసుకుని పుట్టింటికి వచ్చేస్తానంటోంది. ఆవిడ అడిగింది ఒక్కటే: "ఆయ్, టికెట్లు తీసేశామండీ. పిల్లాడిని ఇక్కడ బడిలో వేయడానికి ఏ కాగితాలు కావాలండీ?" అల్లుడికి తెలుసా అని నేను ఎదురు అడిగాను. కాసేపు ఆవిడ ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "తల్లి కదండీ. తల్లి బిడ్డను తెచ్చుకుంటే ఎవరడుగుతారండీ?"

ఎవరు అడుగుతారో, ఎప్పుడు అడుగుతారో, అడిగినప్పుడు మన దగ్గర ఏం ఉండాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను లాయర్ని కాదు. న్యాయ సేవాధికార సంస్థ తరఫున పారా లీగల్ వాలంటీరుగా కోనసీమ పల్లెల్లో తిరుగుతుంటాను. మా వైపు ఒకే వీధిలో ఒక ఇంటివాళ్లు కువైట్‌లో ఉంటారు, ఎదురింటివాళ్లు డాలస్‌లో ఉంటారు. కాపురాలు చెడినప్పుడు, ఉద్యోగాలు పోయినప్పుడు, ఒకరు చనిపోయినప్పుడు ఇద్దరికీ గుర్తొచ్చేది సొంతూరే. పెద్దవాళ్లు తిరిగి రావడం తేలిక. బిడ్డతో రావడంలోనే చిక్కంతా.

ముడి ఎక్కడ పడుతుందంటే, మూడు వేరువేరు ప్రశ్నలను మనం ఒకటే అనుకుంటాం. బిడ్డ ఏ దేశ పౌరుడు? బిడ్డ ఎవరి దగ్గర పెరగాలి? బిడ్డను దేశం దాటించడానికి ఎవరు ఒప్పుకోవాలి? మొదటిదాని జవాబు పుట్టిన చోటులో, పాస్‌పోర్టులో ఉంటుంది. రెండోది తేలకపోతే కోర్టు తేలుస్తుంది. మూడోది అవతలి మనిషి సంతకంలో ఉంటుంది. బిడ్డకు ఇండియా పాస్‌పోర్టు ఉంది కాబట్టి ఎప్పుడైనా తెచ్చేయొచ్చని కొందరు, చిన్నపిల్లలు తల్లి దగ్గరే ఉండాలని చట్టంలో ఉంది కాబట్టి ఎవర్నీ అడగక్కర్లేదని ఇంకొందరు అనుకుంటారు. ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును ఇంకో ప్రశ్నకు వాడేసుకోవడం వల్లే చాలా ఇళ్లు కోర్టు మెట్లెక్కుతున్నాయి.

పౌరసత్వం

అమెరికాలో పుట్టిన బిడ్డ, అమ్మానాన్నలు ఇద్దరూ ఇండియా పౌరులే అయినా, పుట్టుకతోనే అమెరికా పౌరుడన్నది అక్కడి రాజ్యాంగం 14వ సవరణ నుంచి వస్తున్న నియమం. అమెరికా పాస్‌పోర్టు ఉన్న బిడ్డ మన దేశానికి వచ్చేసరికి విదేశీయుడే. మన చట్టంలో రెండు దేశాల పౌరసత్వం లేదు. కాబట్టి ఆ బిడ్డ ఇక్కడే ఉండి చదువుకోవాలంటే చాలామంది తీసుకునే దారి ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు. తల్లిదండ్రుల్లో ఒక్కరు ఇండియా పౌరులైనా మైనరుకు ఓసీఐ వస్తుంది. జీవితాంతం పనిచేసే వీసా లాంటిది. విదేశీయుల నమోదు ఆఫీసు చుట్టూ తిరిగే పని కూడా ఉండదు.

ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ముందు టూరిస్ట్ వీసా మీద వచ్చేద్దాం, తర్వాత ఇక్కడ ఓసీఐ తీసుకుందాం అనుకుంటారు. టూరిస్ట్ వీసా మీద ఉన్నవాళ్లు ఇండియాలో ఓసీఐకి అప్లై చేయడానికి వీల్లేదు. బయల్దేరకముందే అక్కడ చేసుకోవాలి. అప్పుడు ఇంకో సంగతి బయటపడుతుంది. మైనరు ఓసీఐ దరఖాస్తుకు తల్లీతండ్రీ ఇద్దరి సంతకాలూ కావాలి, లేదంటే ఒక్కరికే కస్టడీ ఇస్తూ కోర్టు ఇచ్చిన ఉత్తర్వు కావాలి. అమెరికా పాస్‌పోర్టూ అంతే. 16 ఏళ్లలోపు పిల్లలకు ఇద్దరూ ఒప్పుకుంటేనే ఇస్తారు. అంటే పౌరసత్వం కాగితాల దగ్గరే మూడో ప్రశ్న, అవతలివాళ్ల ఒప్పుదల, వచ్చి ఎదురుగా నిలబడుతుంది.

మా డెల్టాలో ఓసీఐ పిల్లల గురించి తాతలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకొకటి: "మనవడి పేర కొబ్బరి తోట రాయొచ్చా?" ఓసీఐ ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి, తోటలు కొనడానికి వీల్లేదు. వారసత్వంగా మాత్రం రావచ్చు. అందుకని ప్రేమకొద్దీ గిఫ్ట్ డీడ్ రాయించేయకుండా, వీలునామా మంచిదా అని ముందు లాయరును అడగండి.

గల్ఫ్‌లో కథ వేరు. కువైట్‌లోనో ఖతర్‌లోనో పుట్టిన మన బిడ్డకు ఆ దేశ పౌరసత్వం రాదు. మరి ఇండియా పౌరసత్వం దానంతట అదే వచ్చేస్తుందా? రాదు. 2004 డిసెంబరు 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డ అయితే, పుట్టిన ఏడాదిలోపు అక్కడి మన ఎంబసీలో జననం నమోదు చేయించాలి. బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. ఏడాది దాటితే కేంద్రం అనుమతి కావాలి. ఇండియా వెళ్లేటప్పుడు ఎలాగూ పాస్‌పోర్టు తీస్తాం కదా, అప్పుడు చూద్దాం అని మూడేళ్లు ఊరుకున్నవాళ్లు నాకు తెలుసు. తర్వాత ఆ అనుమతి కోసం వాళ్లు పడిన అవస్థ చూశాను కాబట్టి చెబుతున్నాను: గల్ఫ్‌లో ఎవరికైనా బిడ్డ పుట్టిందని తెలిస్తే, బారసాల కబురు కంటే ముందు ఎంబసీలో రాయించారా అని అడగండి.

ఇంటి పని వీసా మీద వెళ్లిన ఆడవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. పెళ్లి కాగితం చేతిలో లేకుండా అక్కడ ప్రసవమైతే బర్త్ సర్టిఫికెట్ దొరకడమే గగనం. బర్త్ సర్టిఫికెట్ లేకపోతే పాస్‌పోర్టు లేదు, పాస్‌పోర్టు లేకపోతే విమానం లేదు. ఇలాంటివాళ్లకు ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. మనవాళ్లు ఔట్‌పాస్ అనేది దాన్నే. ఒక్కసారి ఇండియా రావడానికే అది పనికొస్తుంది. ఆ తల్లులు భయపడి దాక్కుంటారు, ఏజెంటు మాట నమ్ముతారు, ఏళ్లు గడుస్తాయి. ఇంట్లోవాళ్లకు నేను చెప్పేది, పరువు మాట పక్కన పెట్టి కేంద్రం నడిపే మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టమని, రాష్ట్రం తరఫున ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకి ఫోన్ చేయమని. కష్టంలో ఉన్న మన పౌరుల కోసం ఎంబసీల దగ్గర 2009 నుంచి ఒక సంక్షేమ నిధి కూడా ఉంది. తిరుగు టికెట్టుకు డబ్బు లేదని ఆగిపోనక్కర్లేదు.

సంతకం

ఇక అసలు చిక్కు. అమెరికా నుంచి బయల్దేరేటప్పుడు ఎయిర్‌పోర్టులో మన దగ్గరలాగా ఇమిగ్రేషన్ కౌంటర్ ఉండదు. ఒక తల్లి బిడ్డతో విమానం ఎక్కుతుంటే సాధారణంగా ఎవరూ ఆపరు. ఎవరూ ఆపలేదు కాబట్టి తప్పేమీ లేదని మనకు అనిపిస్తుంది. కానీ 1993 నాటి అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం, అవతలివారి హక్కుకు అడ్డుపడాలని 16 ఏళ్లలోపు బిడ్డను దేశం దాటించడం నేరం. మూడేళ్ల దాకా జైలు ఉంటుంది. దాటించడమే కాదు, దాటించాక తిరిగి పంపకుండా అట్టిపెట్టుకోవడం కూడా ఆ చట్టం కిందికే వస్తుంది.

ఆ రెండో మాట జాగ్రత్తగా వినండి. చాలామంది అల్లుళ్లు "సెలవులకు వెళ్లి రండి" అని సంతోషంగానే పంపుతారు. ఆరు వారాలకని లెటర్ రాసిస్తారు. ఇక్కడికొచ్చాక అమ్మాయి మనసు మారుతుంది, లేదా చెప్పలేకపోయిన మాట ఇక్కడ ధైర్యంగా చెబుతుంది. ఏడో వారం నుంచి ఆ లెటర్ ఆమె మీదే సాక్ష్యం. సెలవుకు ఇచ్చిన ఒప్పుదల కాపురం ఉండటానికి ఒప్పుదల అవ్వదు. వాట్సాప్‌లో "సరే, నీ ఇష్టం" అన్న ఒక్క ముక్క మీద ఆధారపడకండి.

అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఇంకో లెక్క ఉంది. బిడ్డ చివరి ఆరు నెలలూ ఎక్కడ ఉంటే కస్టడీ విషయం తేల్చే అధికారం అక్కడి కోర్టుదే. బిడ్డ ఊరు దాటి వచ్చేసినా, అవతలి తల్లిదండ్రి అక్కడే ఉండి ఆరు నెలల్లోపు కేసు వేస్తే ఆ కోర్టు పట్టు పోదు. అందుకే బిడ్డ ఇక్కడ దిగిన రెండో నెలలోనో మూడో నెలలోనో అక్కడి కోర్టు నుంచి ఈమెయిల్ వస్తుంది. మనవాళ్లు అది చూసి "ఇక్కడ మనల్నేం చేస్తారు" అని పట్టించుకోరు. ఒక పక్షం రాకపోతే రెండో పక్షం మాటే విని ఉత్తర్వు ఇస్తారు. తర్వాత ఆ ఉత్తర్వే మన హైకోర్టు బల్ల మీదికి వస్తుంది.

గల్ఫ్‌లో ఇది తలకిందులు. అక్కడ దేశం దాటేటప్పుడే కాగితాలు చూస్తారు. యూఏఈలో తండ్రి కోర్టు ద్వారా బిడ్డ మీద ట్రావెల్ బ్యాన్ పెట్టించొచ్చు. బ్యాగులతో ఎయిర్‌పోర్టు దాకా వెళ్లాక ఆ సంగతి తెలిస్తే, ఆ టెన్షన్‌లో పిల్లల ముఖాలు చూడలేం.

మన కోర్టులు ఏమంటాయి

బిడ్డలను ఇలా దేశం దాటించినప్పుడు వెనక్కి పంపాలని 1980లో హేగ్‌లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. ఇండియా అందులో చేరలేదు. చేరమని లా కమిషన్ 2009లో చెప్పింది. 2016లో ముసాయిదా బిల్లు కూడా వచ్చింది. కానీ హింస తట్టుకోలేక బిడ్డతో పారిపోయి వచ్చిన ఆడవాళ్ల గతేమిటన్న ప్రశ్న దగ్గర అది ఆగిపోయింది. నేను చూసిన కేసులను బట్టి ఆ ప్రశ్న చాలా న్యాయమైనది. ఒంటి మీద దెబ్బలతో వచ్చిన అమ్మాయిని "ఆ దేశానికే పో, అక్కడ తేల్చుకో" అనడం నా నోటికి రాదు.

అయితే ఒప్పందంలో లేనంత మాత్రాన ఇక్కడ అడిగేవాళ్లు లేరనుకోవడం తప్పు. అవతలి తండ్రి అమరావతిలోని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేస్తాడు. నోటీసు పట్టుకుని స్టేషన్ నుంచి కానిస్టేబులు ఇంటికి వస్తే ఊరంతా పోగవుతుంది. అది నేరం కేసు కాదు. బిడ్డను కోర్టు ముందుకు తీసుకురమ్మని అడగడం. భయపడి బిడ్డను వేరే ఊరిలో బంధువుల ఇంట దాచడం అన్నిటికంటే చెడ్డ పని.

కోర్టు చూసేది ఒకటే: బిడ్డ మేలు. 2017లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసులో ఇంగ్లండ్ కోర్టు పాపను వెనక్కి పంపమంది. అయినా గుండె సమస్య ఉన్న ఆ పాపకు తల్లి దగ్గర ఉండటమే మేలని సుప్రీంకోర్టు ఇక్కడే ఉంచింది. విదేశీ కోర్టు ఉత్తర్వు చూడాల్సిన వాటిలో ఒకటి మాత్రమే అని చెప్పింది. ఈ తీర్పు మనవాళ్లకు బాగా తెలుసు. 2019 నాటి తీర్పు గురించి ఎవరూ చెప్పరు. అది ఒక తెలుగు జంట కేసు. అమెరికాలో పుట్టిన ఇద్దరు పిల్లలను తల్లి అక్కడి కోర్టు ఉత్తర్వు ఉండగానే తీసుకొచ్చి హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో కస్టడీ పిటిషన్ వేశారు. మామూలుగా పిల్లలు నివసించేది అమెరికాలో కాబట్టి ఇక్కడి కోర్టుకు అధికారం లేదని సుప్రీంకోర్టు అంది. పిల్లలను వెనక్కి పంపమంది. కస్టడీ పిటిషన్ ఎక్కడ వేయాలన్నది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం చెబుతుంది: బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటే అక్కడ. తాత ఇంట్లో దిగి నెల కాకుండానే రాజమండ్రిలో పిటిషన్ వేస్తే "మామూలుగా ఉండేది ఇక్కడే" అని చూపించడం కష్టం.

అయిదేళ్లలోపు బిడ్డ తల్లి దగ్గరే ఉండాలన్న మాట కూడా ఊరికే పుట్టలేదు. 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టంలో ఉంది. కానీ అందులో "సాధారణంగా" అన్న పదం ఉంది. మేలు వేరే చోట ఉందని కోర్టుకు అనిపిస్తే ఆ సాధారణం ఆగిపోతుంది. అదే చట్టం తండ్రిని మొదటి సహజ సంరక్షకుడంటుంది, అతని తర్వాత తల్లి అంటుంది. ఆ "తర్వాత" అంటే తండ్రి చనిపోయాకే కాదు, బిడ్డ బాగోగులు అతను పట్టించుకోనప్పుడు కూడా తల్లే సంరక్షకురాలని గీతా హరిహరన్ కేసులో 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లి కాని తల్లి అయితే తండ్రి పేరు చెప్పకుండానే సంరక్షకురాలు కావచ్చని 2015లో చెప్పింది. గల్ఫ్ నుంచి ఒంటరిగా బిడ్డతో వచ్చిన తల్లులకు ఈ రెండు తీర్పులూ పెద్ద అండ.

వాళ్లకే ఇంకో ఊరట. మన పాస్‌పోర్టు నిబంధనలను 2016 డిసెంబరులో మార్చారు. దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు ఉన్నా చాలు. అవతలివాళ్ల సంతకం దొరకనప్పుడు, ఎందుకు దొరకలేదో రాసి అనెక్షర్ సి అనే ఫారం ఇవ్వాలి. భీమవరం పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్లేముందు అది నింపుకుని వెళ్తే ఒక తిరుగుడు తగ్గుతుంది. కానీ పాస్‌పోర్టు వచ్చింది కదా అని కస్టడీ తేలిపోయినట్టు కాదు. మళ్లీ అదే మాట: ఒక ప్రశ్న జవాబు ఇంకో ప్రశ్నకు చెల్లదు.

మరి హింస ఉన్న ఇంటి నుంచి వచ్చే అమ్మాయి ఏం చేయాలి? విమానం ఎక్కకముందే అక్కడి పోలీసు రిపోర్టు, డాక్టరు కాగితం, రక్షణ ఉత్తర్వు, వీలైతే బిడ్డతో ఇండియా వెళ్లడానికి కోర్టు అనుమతి తీసుకోవాలి. ఇక్కడి కోర్టు ఏళ్ల తర్వాత ఆమె మాట నమ్మడానికి ఆ కాగితాలే ఆధారం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇవన్నీ కుదరవు, నాకు తెలుసు. అప్పుడు ముందు ప్రాణం. దిగిన వారంలోనే ఇక్కడ లాయరును పెట్టుకోవాలి, అక్కడి కోర్టులో కూడా ఎవరినైనా నిలబెట్టాలి. లాయరుకు డబ్బు లేదని ఆగకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మన కోర్టు ఆవరణల్లోనే ఆ ఆఫీసు ఉంటుంది. జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై సెల్ కూడా ఉంది.

బిడ్డ దిగాక

బడి గురించి ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్న నిజానికి అన్నిటికంటే తేలికైనది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వయసు రుజువు లేదని అడ్మిషన్ ఆపడానికి వీల్లేదని విద్యాహక్కు చట్టం చెబుతుంది. అమెరికా బర్త్ సర్టిఫికెట్‌కు అపోస్టిల్ ముద్ర (కాగితం అసలైనదేనని వేరే దేశాలు ఒప్పుకునే ప్రభుత్వ ముద్ర) వేయించి తెచ్చుకుంటే అన్ని చోట్లా పనికొస్తుంది. అపోస్టిల్ ఒప్పందంలో లేని దేశమైతే అక్కడి విదేశాంగ శాఖ ముద్ర, మన ఎంబసీ ముద్ర వేయించాలి. ఇక్కడికొచ్చాక ఆ పని చేయించడం నరకం. ఓసీఐ బిడ్డకు ఆధార్ కావాలంటే గడచిన 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉండి ఉండాలి. కాబట్టి మొదటి ఆరు నెలలూ ఆధార్ లేకుండా నడపాలని బడివాళ్లతో ముందే మాట్లాడుకోండి. టీకాల కార్డు మర్చిపోవద్దు. బీసీజీ టీకా అమెరికాలో మామూలుగా వేయరు. పిల్లల డాక్టరుకు ఆ కార్డు చూపించి ఏవి మిగిలాయో అడగండి.

నాకు ఇంతకంటే భయం కాలువ. ఇంటి ముందే పంట కాలువ, పెరట్లో చేపల చెరువు ఉన్న ఊళ్లు మావి. ఇక్కడ పుట్టిన పిల్లలు గట్టు మీద ఎలా నడవాలో చూసి నేర్చుకుంటారు. అపార్ట్‌మెంట్‌లో పెరిగిన నాలుగేళ్ల బిడ్డకు నీళ్లంటే స్విమ్మింగ్ పూల్. దిగిన రోజునే పెరటి తలుపుకు గడియ పెట్టించండి.

బిడ్డ మనసు సంగతి నారు నాటే రైతుకు చెప్పక్కర్లేదు. మడిలోంచి పీకిన నారు నాటగానే పచ్చగా లేవదు. కొన్నాళ్లు వడలిపోయి, పసుపెక్కి, తర్వాత మూన తిరుగుతుంది, అంటే వేరు పట్టి నిలదొక్కుకుంటుంది. ఆ రోజుల్లో నీళ్లు ఎక్కువైనా తక్కువైనా కష్టమే. పిల్లాడు తెలుగు అర్థం చేసుకుని ఇంగ్లీషులో జవాబిస్తాడు. అన్నం తినడు, రాత్రుళ్లు పక్క తడుపుతాడు. "రెండు వారాల్లో వెళ్లిపోదాం" అని అబద్ధం చెప్పి తీసుకొచ్చిన బిడ్డ ప్రతి శనివారం సూట్‌కేసు ముందు పెట్టుకుని కూర్చోవడం నేను చూశాను. వయసుకు తగ్గట్టు నిజమే చెప్పండి. మీ నాన్న మంచోడు కాదు అనో, మీ అమ్మ నిన్ను వదిలేసింది అనో ఇంట్లో ఎవరూ అనకూడదు. రేపు జడ్జిగారు తన గదిలో బిడ్డను కూర్చోబెట్టుకుని మాట్లాడితే నేర్పిన మాటలు ఇట్టే తెలిసిపోతాయి.

దూరంగా ఉన్నవాళ్లకు బిడ్డతో రోజూ అయిదు పది నిమిషాలైనా మాట్లాడే హక్కు ఉండాలని 2020లో సుప్రీంకోర్టు అంది. కోర్టు చెప్పకపోయినా అది పెట్టుకోవాలి. మనకు సాయంత్రం 7 గంటలైతే టెక్సాస్‌లో వేసవిలో ఉదయం 8:30, చలికాలంలో 7:30. ఆఫీసుకు బయల్దేరే తండ్రికి, అన్నం తినబోయే బిడ్డకు ఇద్దరికీ కుదిరే వేళ అది.

ఆ పెద్దావిడ కూతురు ఆ టికెట్టు వాడలేదు. రద్దు చేస్తే కొంత డబ్బు పోయింది. ఏడు నెలలు పట్టింది. ఇద్దరి లాయర్లూ కూర్చుని, పిల్లాడు ఎక్కడ చదవాలో, ఎప్పుడు ఎవరు టికెట్టు కొనాలో, ఫోన్ ఎన్ని గంటలకో, రెండేళ్ల తర్వాత మళ్లీ ఎలా చూసుకోవాలో రాసి, దాన్ని అక్కడి కోర్టు ఉత్తర్వుగా చేయించుకున్నారు. పిల్లాడు మే నెలాఖరున ఓసీఐ కార్డుతో దిగాడు. జూన్‌లో లాకుల దగ్గర కాలువకు నీళ్లు వదిలిన రోజు తాతగారి చెయ్యి పట్టుకుని గట్టు మీద నిలబడి, వాళ్ల నాన్నకు ఫోన్‌లో ఆ నీళ్లు చూపించాడట. ఎండిపోయిన కాలువలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయని అతను అడిగితే, "గోదారి నుంచి" అని తెలుగులోనే చెప్పాడట.